1996లో శ్రీలంక: కప్పు గెలిచిన ఏడాది ఆ దేశానికి ఏం మిగిల్చింది?

పినాకిని (చర్చ ప్రారంభం)

1996 అనగానే మనకు ప్రపంచకప్పు సెమీఫైనల్లో శ్రీలంక చేతిలో ఓడిన ఈడెన్ గార్డెన్స్ గుర్తుకొస్తుంది. 120కి 8 వికెట్లు, స్టాండ్లలో మంటలు, వినోద్ కాంబ్లీ కన్నీళ్ళు. ఆ రాత్రి గురించి ఈ వేదికలోనే ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఎప్పుడు మాట్లాడుకున్నా మన బాధే మాట్లాడుకున్నాం. అవతల గెలిచిన జట్టు ఏ పరిస్థితుల్లోంచి వచ్చిందో, కప్పు పట్టుకుని ఏ దేశానికి తిరిగి వెళ్ళిందో పెద్దగా పట్టించుకోలేదు.

అందుకే ఈసారి ఆ ఏడాదిని ద్వీపం వైపు నుంచి చూద్దాం. జనవరి 31న కొలంబో ఫోర్ట్‌లోని సెంట్రల్ బ్యాంకు మీదికి పేలుడు పదార్థాలు నింపిన లారీతో, ప్రత్యేక తమిళ దేశం కోసం పోరాడుతున్న ఎల్‌టీటీఈ ఆత్మాహుతి దాడి చేసింది. 91 మంది చనిపోయారు, దాదాపు 1,400 మంది గాయపడ్డారు. ఎగిరిపడిన అద్దాల ముక్కలు తగిలి చూపు పోయినవాళ్ళు కూడా అందులో ఎందరో. మార్చి 17న లాహోర్‌లో ప్రపంచకప్పు. జూలై 18న ముల్లైత్తీవు సైనిక స్థావరం మీద దాడి మొదలైంది, వెయ్యి మందికి పైగా సైనికులు చనిపోయారు. మరో ఆరు రోజులకు కొలంబో శివారు దెహివళలో రైలులో బాంబులు పేలాయి, 64 మంది పోయారు. ఇవన్నీ ఆరు నెలల్లో జరిగినవే.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆ కప్పు శ్రీలంకకు ఆత్మవిశ్వాసం ఇచ్చింది, కానీ దేశాన్ని ఒక్కటి చేయలేదు. ‘క్రికెట్ దేశాన్ని కలిపింది’ అని ఆ తర్వాత రాసినవాళ్ళంతా కొలంబోలో కూర్చుని రాశారని నాకనిపిస్తుంది. ఒప్పుకోనివాళ్ళు తప్పకుండా వాదించండి.

కవర్‌డ్రైవ్ రామం

మంచి చర్చ. రాజకీయాల సంగతి తర్వాత. ముందు ఆ జట్టు గాలివాటంగా గెలవలేదని చెప్పుకోవాలి.

శ్రీలంక మొదటి టెస్టు ఆడింది 1982లో. అంటే కప్పు గెలిచేనాటికి టెస్టు హోదా వచ్చి పద్నాలుగేళ్ళే. అంతకు ముందు ఐదు ప్రపంచకప్పుల్లో కలిపి వాళ్ళు గెలిచిన మ్యాచ్‌లు నాలుగు. అయితే 1995లోనే జట్టు మారిపోయింది. మార్చిలో నేపియర్‌లో న్యూజిలాండ్ మీద విదేశీ గడ్డపై తొలి టెస్టు విజయం, ఆ తర్వాత పాకిస్తాన్‌కు వెళ్ళి 2-1తో సిరీస్, అక్టోబరులో షార్జా ట్రోఫీ. కోచ్ డేవ్ వాట్‌మోర్ కొలంబోలో పుట్టి ఆస్ట్రేలియాకు ఆడినవాడు. ఆటగాళ్ళ శరీర దారుఢ్యం, ఫీల్డింగ్ మీద ఆయన పెట్టిన శ్రద్ధ మైదానంలో కనబడింది.

ఇక మొదటి 15 ఓవర్ల కథ. వలయం బయట ఇద్దరే ఫీల్డర్లు ఉండాలన్న నిబంధన అందరికీ తెలిసిందే. కానీ చాలా జట్లు ఆ ఓవర్లలో వికెట్లు కాపాడుకోవడమే చూసేవి. జయసూర్య, కలువితరణ బంతిని ఫీల్డర్ల తల మీదుగా లేపారు. ఒకడు లోయర్ ఆర్డర్ నుంచి పైకి వచ్చినవాడు, ఇంకొకడు వికెట్ కీపర్. మార్చి 2న ఢిల్లీలో సచిన్ 137 కొట్టి మన స్కోరును 271కి చేర్చితే, మూడు ఓవర్లకే వాళ్ళు 42 పరుగులు చేశారు. మనోజ్ ప్రభాకర్ తన మొదటి రెండు ఓవర్లలోనే 33 ఇచ్చాడు. చివరికి ఫాస్ట్ బౌలింగ్ మానేసి ఆఫ్ స్పిన్ వేయాల్సి వచ్చింది. ఆయనకు అదే ఆఖరి అంతర్జాతీయ మ్యాచ్. పదకొండు రోజుల తర్వాత అదే జట్టును ఈడెన్‌లో ఎదుర్కోబోతున్నామని తెలిసుంటే ఆ రాత్రి మనవాళ్ళకు నిద్ర పట్టేది కాదు.

వైశాఖి తీరం

రామం గారు ఢిల్లీ దగ్గర మొదలుపెట్టారు కానీ, అసలు కథ టోర్నీకి ముందే ఉంది.

సెంట్రల్ బ్యాంకు దాడి తర్వాత ఆస్ట్రేలియా, వెస్టిండీస్ కొలంబోలో ఆడబోమని చెప్పేశాయి. మ్యాచ్‌ల పాయింట్లు ఆడకుండానే శ్రీలంకకు దక్కాయి. పాయింట్లు దక్కితే ఏం లాభం? మొదటిసారి తమ గడ్డ మీద ప్రపంచకప్పు ఆడుతున్న దేశానికి ‘మీ ఇంటికి రాలేం’ అని అతిథులు కబురు పెట్టడం ఎంత బాధగా ఉంటుందో ఆలోచించండి.

అప్పుడు జరిగినది మన దగ్గర చాలా మందికి గుర్తులేదు. ఫిబ్రవరి 13న, టోర్నీ తొలి మ్యాచ్‌కు ఒక్కరోజు ముందు, భారత్, పాకిస్తాన్ ఆటగాళ్ళు ఒకే జట్టుగా కొలంబో ప్రేమదాస స్టేడియంలో శ్రీలంకతో ఆడారు. ఆ జట్టు కెప్టెన్ మన హైదరాబాద్ అజహరుద్దీన్. సచిన్, సయీద్ అన్వర్, వసీం అక్రం, వకార్ యూనిస్, అనిల్ కుంబ్లే ఒకే వైపు. స్కోరు కార్డులో ఒక వరుస ఇలా ఉంటుంది: కలువితరణ, క్యాచ్ టెండూల్కర్, బౌలింగ్ అక్రం. నాకు ఆ ఒక్క వరుస చాలు. కశ్మీర్‌లో తుపాకులు మోగుతున్న కాలంలో ఈ రెండు దేశాలూ కలిసి మూడో దేశానికి ధైర్యం చెప్పడానికి వెళ్ళాయి. మ్యాచ్ మనవాళ్ళే గెలిచారు, అది వేరే సంగతి.

ఇంకో విషయం. కొలంబోకు రానన్న వెస్టిండీస్ ఫిబ్రవరి 16న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో జింబాబ్వేతో ఆడింది. ఆస్ట్రేలియా 23న మా విశాఖపట్నంలో కెన్యాతో ఆడింది. ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో ఆ రోజు నేను ఉన్నాను. స్టీవ్ వా, మార్క్ వా సోదరులిద్దరూ కలిసి రెండు వందలకు పైగా భాగస్వామ్యం చేశారు. గోడల మీద కూడా జనం. మేమంతా ఆస్ట్రేలియా ఆటగాళ్ళను చూసి మురిసిపోయాం. సముద్రానికి అవతల ఒక ఊరు వాళ్ళ కోసం ఎదురుచూసి నిరాశపడిందని మాలో ఒక్కరికీ తట్టలేదు.

సత్యవతి కె.

ఆస్ట్రేలియాను అంత తేలికగా దోషిని చేయడం నాకు నచ్చలేదు. నగరం నడిబొడ్డున దాడి జరిగి మూడు వారాలు కూడా కాలేదు. ఆటగాళ్ళకు బెదిరింపులు వచ్చాయి. ఇరవై, ముప్పై ఏళ్ళ కుర్రాళ్ళు, ఇళ్ళలో భార్యాబిడ్డలు. మన పిల్లలను పంపిస్తామా అని ఒక్కసారి మనల్ని మనం అడుగుకుంటే సమాధానం తెలుస్తుంది.

కవర్‌డ్రైవ్ రామం

సత్యవతి గారూ, భయం నిజమే. కానీ జింబాబ్వే వెళ్ళింది, కెన్యా వెళ్ళింది. కాండీలో కెన్యా మీద శ్రీలంక 398 కొట్టింది, అరవింద డిసిల్వా 145. వాళ్ళకూ ఇళ్ళున్నాయి, భార్యాబిడ్డలున్నారు.

పైగా భద్రత ఒక్కటే కారణమని నేననుకోను. అంతకు ముందు రెండు నెలలు శ్రీలంక ఆస్ట్రేలియాలోనే పర్యటించింది. పెర్త్ టెస్టులో బంతిని పాడుచేశారని నిందించి, తర్వాత ఆ ఆరోపణను ఐసీసీ వెనక్కి తీసుకుంది. డిసెంబరు 26న మెల్‌బోర్న్‌లో స్పిన్నర్ మురళీధరన్ మోచేయి వంచి బంతిని విసురుతున్నాడంటూ అంపైర్ డారెల్ హెయిర్ ఏడుసార్లు నోబాల్ ప్రకటించాడు. జనవరిలో బ్రిస్బేన్‌లో రాస్ ఎమర్సన్ అదే పని చేశాడు. రెండు జట్ల మధ్య మాటామంతీ లేని స్థితి. ఆ వాతావరణంలోంచే బహిష్కరణ నిర్ణయం వచ్చింది.

సత్యవతి కె.

వాతావరణం చెడిందని ఒప్పుకుంటాను. నిర్ణయానికి అదే కారణమని మాత్రం ఒప్పుకోను. ఆటగాడి ప్రాణం మీద పందెం కాయమని అడిగే హక్కు ప్రేక్షకులకు లేదు.

పెన్నా ఒడ్డు

మురళి పేరు వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుదాం. ఈ చర్చకు గుండెకాయ ఆయనే.

మురళీధరన్ కాండీ తమిళుడు. ఉత్తరాది జాఫ్నా తమిళుడు కాదు. తేయాకు తోటల్లో పని చేయడానికి తమిళనాడు నుంచి వెళ్ళినవాళ్ళ సంతతి. 1948లో స్వాతంత్ర్యం వచ్చీ రాగానే శ్రీలంక చేసిన పౌరసత్వ చట్టంతో ఈ తోటల తమిళుల్లో లక్షల మంది ఏ దేశానికీ చెందనివాళ్ళయ్యారు. తర్వాత భారత్, శ్రీలంక ఒప్పందాలు చేసుకుని వాళ్ళను పంచుకున్నాయి. వెనక్కి వచ్చినవాళ్ళలో కొందరికి మన తెలుగు నేల మీద కూడా పునరావాసం కల్పించారు. మురళి తండ్రి కాండీలో బిస్కెట్ల కర్మాగారం నడిపేవారు. 1977 అల్లర్లలో వాళ్ళ మీద కూడా దాడి జరిగింది. అప్పటికి మురళికి ఐదేళ్ళు.

అలాంటి కుటుంబంలోంచి వచ్చిన కుర్రాడి చేయి వంపు మీద ప్రపంచం వేలెత్తి చూపితే, సింహళ కెప్టెన్ అర్జున రణతుంగ అడ్డంగా నిలబడ్డాడు. జట్టులో మరొకరెవరినైనా తీసుకోవచ్చు, గొడవ సద్దుమణిగేది. ఆయన తీసుకోలేదు. ఫైనల్లో మురళి పది ఓవర్లు వేసి 31 పరుగులే ఇచ్చాడు. అదే మైదానంలో షేన్ వార్న్ పది ఓవర్లకు 58 ఇచ్చి ఒక్క వికెట్టూ తీయలేదు.

పినాకిని గారూ, దేశాన్ని కలపలేదని మీరంటున్నారు. ఆ డ్రెస్సింగ్ రూములో మాత్రం కలిపింది. సింహళ బౌద్ధులు, చమిందా వాస్ లాంటి క్యాథలిక్కులు, ఒక తమిళ హిందువు. యుద్ధం చేస్తున్న దేశంలో అది చిన్న విషయం కాదు.

పినాకిని

చిన్న విషయం కాదు, నిజమే. రణతుంగ మీద నాకున్న గౌరవం అందుకే. కానీ పదకొండు మందిలో ఒక్కడు. తూర్పు, ఉత్తర రాష్ట్రాల నుంచి? ఒక్కరూ లేరు. జాఫ్నాలో క్రికెట్ లేక కాదు. జాఫ్నా సెంట్రల్, సెయింట్ జాన్స్ కళాశాలల మధ్య ‘ఉత్తరాది పోరు’ 1904 నుంచి నడుస్తోంది. ఆ మైదానాల్లో ఆడిన పిల్లలకు కొలంబో చేరే దారి అంతర్యుద్ధం మొదలైన 1983 తర్వాత మూసుకుపోయింది.

ఎర్రమట్టి

నేను టొరంటోలో ఉంటాను. ఇక్కడ నాతో పనిచేసిన ఒక పెద్దాయన జాఫ్నా ద్వీపకల్పం నుంచి వచ్చినవారు. పేరు రాయను. 1995 అక్టోబరు చివర్లో సైన్యం జాఫ్నా పట్టణం మీదికి వస్తోందని తెలిసి లక్షల మంది ఒక్క రాత్రిలో ఊరు విడిచి నడిచారు. వర్షం. చావకచ్చేరి వెళ్ళే దారిలో ఒకే ఇరుకు వంతెన. ఆయన కుటుంబం కూడా అందులో ఉంది.

ప్రపంచకప్పు ఫైనల్ నాటికి వాళ్ళు చావకచ్చేరి దగ్గర బంధువుల ఇంట్లో తలదాచుకున్నారు. అక్కడ కరెంటు లేదు. బ్యాటరీల మీద నిషేధం, ఎందుకంటే వాటితో బాంబులు చేస్తారని ప్రభుత్వ అనుమానం. సైకిలును తలకిందులుగా నిలబెట్టి, పెడలు తిప్పుతూ డైనమోకు రేడియో తీగలు తగిలించి వార్తలు వినేవాళ్ళట. తిప్పడం ఆగితే గొంతు ఆగిపోయేది. ఫైనల్ రోజు పిల్లలు వంతులు వేసుకుని పెడలు తిప్పారు. ఎవరు గెలవాలని కోరుకున్నారని అడిగాను. ‘మురళికి వికెట్లు రావాలని కోరుకున్నాం. డిసిల్వా కొడుతుంటే ఆనందపడ్డాం. కప్పు ఇచ్చేటప్పుడు తిప్పడం ఆపేశాం’ అన్నారు. ఎందుకని అడగలేదు, ఆయనా చెప్పలేదు.

ఇంకో తేదీ చెప్పాలి. 1996 ఫిబ్రవరి 11. ఆ సాయంత్రం కలకత్తాలో ప్రపంచకప్పు ప్రారంభోత్సవం. అదే రోజు ట్రింకోమలీ జిల్లా కుమారపురంలో సైనికులు ఊరి మీద పడి 24 మంది తమిళ గ్రామస్థులను చంపారు. ఆడవాళ్ళు, పిల్లలు కూడా. ఇరవై ఏళ్ళ తర్వాత, 2016లో, నిందితులైన సైనికులందరినీ కోర్టు వదిలిపెట్టింది. సెంట్రల్ బ్యాంకు మృతులకు ప్రపంచ పత్రికల్లో చోటు దొరికింది, దొరకాల్సిందే. కుమారపురం పేరు ఈ వేదికలో ఎంతమంది విన్నారు?

వైశాఖి తీరం

నేను వినలేదు. ఇప్పుడే చదివాను. ఎర్రమట్టి గారికి ధన్యవాదాలు.

గండికోట విహారి

రెండో వైపు కూడా అంతే గట్టిగా చెప్పాలి, లేకపోతే చర్చ ఒరిగిపోతుంది. సెంట్రల్ బ్యాంకు దగ్గర చనిపోయినవాళ్ళు ఆఫీసుకు వచ్చిన గుమాస్తాలు, రోడ్డు మీద నడుస్తున్నవాళ్ళు. దెహివళ రైలులో ఉన్నవాళ్ళు పని ముగించుకుని ఇళ్ళకు పోతున్న ఉద్యోగులు. ఎల్‌టీటీఈ తమిళుల పేరుతోనే తమిళ నాయకులను కూడా చంపింది. అప్పటి విదేశాంగ మంత్రి లక్ష్మణ్ కదిర్‌గామర్ తమిళుడే, క్రికెట్ అంటే ప్రాణం పెట్టే మనిషి. 2005 ఆగస్టులో కొలంబోలోని తన ఇంట్లోనే ఆయనను కాల్చి చంపారు.

ఒక ఆట ఇంత నెత్తురును కడిగేయాలని అడగడమే అన్యాయం. పదకొండు మంది ఆటగాళ్ళు తమ పని తాము అద్భుతంగా చేశారు. మిగతాది అధ్యక్షురాలు చంద్రిక, ఎల్‌టీటీఈ అధినేత ప్రభాకరన్ చేయాల్సిన పని. శాంతి చర్చలు 1995 ఏప్రిల్‌లోనే కుప్పకూలాయి. దానికి డిసిల్వా శతకం ఏం చేయగలదు?

లోయర్ స్టాండ్

ఈడెన్ గురించి ఎవరూ మాట్లాడరా? మొదటి ఓవర్లోనే జయసూర్య, కలువితరణ ఇద్దరినీ శ్రీనాథ్ అవుట్ చేశాడు. ఇద్దరూ థర్డ్‌మ్యాన్ దగ్గర క్యాచ్‌లే. ఒక పరుగుకు రెండు వికెట్లు! ఇల్లంతా ఎగిరి గంతులేశాం. టాస్ గెలిచి అజహర్ ఫీల్డింగ్ ఎందుకు తీసుకున్నాడో నాకిప్పటికీ…

నిర్వాహకుడు

లోయర్ స్టాండ్ గారూ, టాస్ గురించి ఇప్పటికే వేరే చర్చ నడుస్తోంది, దయచేసి అక్కడ రాయండి. ఇక్కడ శ్రీలంక వైపు కథకే పరిమితమవుదాం.

కవర్‌డ్రైవ్ రామం

శ్రీలంక వైపు నుంచే చెబుతాను. ఒక పరుగుకు రెండు వికెట్లు పోయాక ఏ జట్టయినా తల దించుకుని ఆడుతుంది. డిసిల్వా వచ్చి 47 బంతుల్లో 66 కొట్టాడు. అదీ లక్ష మంది అరుస్తున్న స్టేడియంలో. ఆ తర్వాత మహానామ కాలి కండరాలు పట్టేసి మైదానం వదిలేదాకా నిలబడి 58 చేశాడు. 251. మన ఇన్నింగ్స్‌లో సచిన్ 65 దగ్గర స్టంప్ అవుటయ్యాక పిచ్ విరిగిపోయింది, 98కి ఒక వికెట్ నుంచి 120కి ఎనిమిది. సీసాలు పడ్డాయి, మంటలు లేచాయి, రిఫరీ క్లైవ్ లాయిడ్ మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశాడు. బాంబుల భయంతో శ్రీలంకకు రాలేమని కొన్ని జట్లు అన్న టోర్నీలో వాళ్ళ మీద సీసాలు పడిన చోటు కలకత్తా. ఇది మనం సిగ్గుపడాల్సిన సంగతి.

ఇక ఫైనల్. అప్పటిదాకా జరిగిన ఐదు ఫైనళ్ళలోనూ ముందు బ్యాటింగ్ చేసిన జట్టే గెలిచింది. రణతుంగ టాస్ గెలిచి ఆస్ట్రేలియాను బ్యాటింగ్‌కు పంపాడు. పెద్ద ధైర్యం. టేలర్, పాంటింగ్ ఆడుతున్నంతసేపు 137కి ఒకే వికెట్, అది తప్పుడు నిర్ణయంలాగే కనిపించింది. అప్పుడు బంతి అందుకున్నది డిసిల్వా. తన ఆఫ్ బ్రేక్‌లతో టేలర్‌ను, పాంటింగ్‌ను, తర్వాత హీలీని పంపించాడు. రెండు క్యాచ్‌లు కూడా పట్టాడు. 241. జవాబులో 23కే ఓపెనర్లిద్దరూ పోయారు. గురుసిన్హాతో 125, రణతుంగతో విడదీయలేని 97. అజేయంగా 107. ఇంకా 22 బంతులు మిగిలి ఉండగా గెలుపు.

లాహోర్ ప్రేక్షకులు ఆ రాత్రి శ్రీలంక వైపే ఉన్నారు. ప్రధాని బెనజీర్ భుట్టో కప్పు అందించారు. ఆ ఇన్నింగ్స్‌లో నాకు నచ్చేది దాని నిదానం. అరవిందకు ‘మ్యాడ్ మ్యాక్స్’ అని పేరు, వచ్చీ రాగానే బాదేస్తాడని. ఆ రోజు మాత్రం బంతిని ఖాళీల్లోకి తోస్తూ, పరుగు తీస్తూ, చెడ్డ బంతి కోసం కాచుకున్నాడు. ఎంత కోపం దిగమింగుకుని ఆడాడో!

చిలకలూరి పంతులమ్మ

నేను బడిలో సాంఘిక శాస్త్రం చెబుతాను. క్రికెట్ లెక్కలు నాకు తెలియవు. బడుల గురించి మాత్రం చెప్పగలను.

శ్రీలంకలో క్రికెట్ ఎదిగింది పాఠశాలల్లో. కొలంబోలో రాయల్, సెయింట్ థామస్ కళాశాలల మ్యాచ్ పంతొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. ఇంగ్లీషు మాట్లాడే సంపన్న కుటుంబాల పిల్లల ఆట. 1996 జట్టును చూడండి. రణతుంగ ఆనంద కళాశాల, మహానామ, గురుసిన్హా నలంద. ఇవి బౌద్ధ పాఠశాలలు. జయసూర్య దక్షిణ తీరంలోని మాతర నుంచి వచ్చాడు, సామాన్య కుటుంబం. అంటే ఆట అప్పటికే చేతులు మారింది, కప్పు దానికి రాజముద్ర వేసింది. ఆ తర్వాతే గాలె దగ్గరి రత్గమ నుంచి లసిత్ మలింగ లాంటివాడు రాగలిగాడు.

కాబట్టి పినాకిని గారి ప్రశ్నకు నా జవాబు ఇది. సింహళ సమాజంలో పైవాళ్ళకూ కిందివాళ్ళకూ మధ్య ఉన్న గోడను ఆ కప్పు కాస్త పగలగొట్టింది. సింహళులకూ తమిళులకూ మధ్య ఉన్న గోడ జోలికి పోలేదు.

పినాకిని

పంతులమ్మ గారూ, నేను చెప్పాలనుకున్నదాన్ని నాకంటే బాగా చెప్పారు.

ఇప్పుడు ఏడాది రెండో సగానికి వద్దాం. వానలు కరువై జలాశయాలు అడుగంటాయి. అప్పట్లో ఆ దేశపు విద్యుత్తులో సింహభాగం నీటి నుంచే వచ్చేది కాబట్టి గంటల తరబడి కోతలు. జూలైలో ముల్లైత్తీవు. ఆ స్థావరంలో ఉన్నవాళ్ళలో ఎక్కువ మంది తిరిగి రాలేదు. వాళ్ళంతా ఎవరు? దక్షిణాది పల్లెల నుంచి సైన్యంలో చేరిన పేద కుర్రాళ్ళు. మార్చిలో టపాకాయలు కాల్చి ఊరేగినవాళ్ళ వయసువాళ్ళే. ఆ దాడి మొదలైన మర్నాడే అట్లాంటాలో ఒలింపిక్స్ ప్రారంభం. శ్రీలంకకు పతకం రాలేదు. 1948లో డంకన్ వైట్ తెచ్చిన రజతం తర్వాత మళ్ళీ పతకం కోసం 2000లో సుశాంతిక జయసింఘె వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

సెప్టెంబరులో జాఫ్నాలో పరీక్ష రాసి ఇంటికి వస్తున్న ఒక విద్యార్థినిని చెమ్మణి తనిఖీ కేంద్రం దగ్గర సైనికులు ఆపి, అత్యాచారం చేసి చంపారు. ఆమెను వెతుక్కుంటూ వెళ్ళిన తల్లిని, తమ్ముడిని, తోడు వెళ్ళిన పొరుగాయనను కూడా చంపేశారు. 1998లో ఆ కేసులో శిక్ష పడిన సైనికుడొకడు చెమ్మణిలో వందల శవాలు పూడ్చిపెట్టామని కోర్టులోనే చెప్పాడు.

సత్యవతి కె.

ఇంత చదివాక నేను మొదట రాసిన ప్రశ్నకే మళ్ళీ వస్తాను. ఇలాంటి దేశానికి జట్లు రావాలని అడగడం న్యాయమేనా?

వైశాఖి తీరం

సత్యవతి గారూ, మీకు ఒక విషయం చెప్పాలి. ఫిబ్రవరిలో రానన్న ఆస్ట్రేలియా అదే ఏడాది ఆగస్టులో కొలంబో వచ్చింది! దెహివళ బాంబులు పేలి అప్పటికి ఐదారు వారాలే. సింగర్ ప్రపంచ సిరీస్ అని నాలుగు జట్ల టోర్నీ. మార్క్ టేలర్‌కు వెన్ను శస్త్రచికిత్స కావడంతో ఇయాన్ హీలీ కెప్టెన్. సచిన్ మొదటిసారి భారత కెప్టెన్‌గా ఆడింది కూడా అక్కడే, తొలి మ్యాచ్‌లోనే శతకం. సెప్టెంబరు 7న ప్రేమదాస స్టేడియంలో ఫైనల్, శ్రీలంక ఆస్ట్రేలియాను 50 పరుగులతో ఓడించింది.

జనవరికీ ఆగస్టుకీ మధ్య కొలంబో సురక్షితమైపోలేదు. శ్రీలంక ప్రపంచ విజేత అయింది, అంతే తేడా. కప్పు ఆ దేశానికి ఇచ్చిన అసలు లాభం ఇదే. ‘మీ ఇంటికి రాము’ అని ఇక వాళ్ళతో తేలికగా అనలేకపోయారు.

సత్యవతి కె.

ఆగస్టు పర్యటన సంగతి బలమైన వాదన. అయినా ఆటగాడికి రానని చెప్పే హక్కు ఉండాలన్న మాట మీదే ఉన్నాను. 2009 మార్చి 3న ఏమైందో చూడండి. ముంబయి దాడుల తర్వాత భారత్ పాకిస్తాన్ వెళ్ళనంటే శ్రీలంక వెళ్ళింది. తాము కప్పు ఎత్తిన ఆ గడాఫీ స్టేడియానికే బస్సులో వెళ్తుండగా తూటాలు కురిశాయి. పాకిస్తాన్ పోలీసులు ఆరుగురు, మరో ఇద్దరు పౌరులు ప్రాణాలిచ్చారు. సమరవీరకు తొడలో తూటా దిగింది. మురళి ఆ బస్సులోనే ఉన్నాడు.

పెన్నా ఒడ్డు

అందుకే వెళ్ళారనుకుంటాను. తమ ఇంటికి ఎవరూ రాని రోజుల్లో వచ్చినవాళ్ళు పాకిస్తాన్, భారత్. ఆ బాకీ వాళ్ళకు గుర్తుంది.

గండికోట విహారి

ఎర్రమట్టి గారికీ పినాకిని గారికీ ఒక సంగతి. జాఫ్నాలో పుట్టిన విజయకాంత్ వియాస్కాంత్ 2024 మే నెలలో సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు ఆడాడు. లెగ్ స్పిన్నర్, జాఫ్నా సెంట్రల్ విద్యార్థి. హసరంగ గాయపడితే అతని స్థానంలో తీసుకున్నారు. లక్నో మీద ఉప్పల్‌లో తొలి మ్యాచ్. మనవాళ్ళు పది ఓవర్లలోపే లక్ష్యాన్ని ఊదేసిన మ్యాచ్ అదే, కాబట్టి ఈ కుర్రాడి నాలుగు ఓవర్లను ఎవరూ పట్టించుకోలేదు. స్పిన్ కోచ్‌గా పక్కనే మురళి. అంతకు ముందు ఏడాది ఆసియా క్రీడల్లో శ్రీలంక జెర్సీ కూడా వేసుకున్నాడు. దారి మూసుకుపోయిందన్నారు, చూడండి, తెరుచుకుంది.

ఎర్రమట్టి

విహారి గారూ, ఆ మ్యాచ్ నేనూ చూశాను, సంతోషపడ్డాను. టొరంటో పెద్దాయనకు ఫోను చేసి మరీ చెప్పాను. కానీ యుద్ధం ముగిసింది 2009లో. జాఫ్నా కుర్రాడు ఒక్కడు పైకి రావడానికి ఆ తర్వాత కూడా పద్నాలుగేళ్ళు పట్టింది. ఆ ఒక్కడిని చూపించి దారి తెరుచుకుందని నేననను. ఇద్దరు, ముగ్గురు, నలుగురు రానివ్వండి, ఉత్తరాది మైదానాలకు కొలంబో సెలెక్టర్లు ఏటా వెళ్ళనివ్వండి. అప్పుడు మాట్లాడదాం.